మడతకత్తి పుట్టుపూర్వోత్తరాలు



ఈవేళ మనం మాట్లాడుకోబోయేది చాలా చిన్న వస్తువు గురించి. జేబులో ఇమిడిపోయే మడతకత్తి గురించి. ట్రాక్టరు గురించి, పంపుసెట్టు గురించి, ఎరువుల గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాం గాని, రోజుకు పదిసార్లు చేతిలోకి వచ్చే ఈ కత్తి మాట మాత్రం ఎవరమూ ఎత్తం. బజారులో కంటికి కనిపించినదేదో కొంటాం. మొండిబారితే విసుక్కుంటాం. పోతే ఇంకొకటి కొంటాం. ఇప్పుడు చూస్తే రకరకాల కత్తులు దుకాణాల్లోకి దిగాయి. ఒక్క పిడిలో అయిదు, పది, ఇరవై పనిముట్లు మడతపెట్టినవి కూడా వచ్చాయి. ఏది కొనాలి? ఎన్ని పనిముట్లుంటే అంత మంచిదా? దీనికి సరయిన జవాబు కావాలంటే, ఆ కత్తులు ఎవరి చేతికోసం పుట్టాయో, ఏ పనికోసం పుట్టాయో ముందు తెలుసుకోవాలి. అందుచేత కొంచెం చరిత్రలోకి వెళ్లి వద్దాం.

ఈ కత్తుల గుణదోషాలు తేల్చడానికి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ కన్న మంచి చోటు మరొకటి లేదు. విశాఖ రేవు 1933లో ఓడలకు తెరుచుకొంది. మరపడవల మీద చేపలవేట పెరిగిన తరువాత, 1970లలో చేపల పడవలకు విడిగా ఈ హార్బరు ఏర్పడింది. ఇక్కడ పడవ మీద పనిచేసే కళాసీకి చేతులు ఎప్పుడూ తడిగా వుంటాయి. కాలికింద బల్ల కదులుతూ వుంటుంది. చుట్టూ మోకులు, వలలు, గాలాలు, యంత్రం. గాలిలో కూడా ఉప్పే. పొలంలో పదేళ్లు పనిచేసిన కత్తి ఇక్కడ పది రోజులకే బిగుసుకుపోవచ్చు. ఇక్కడ నిలబడ్డ కత్తి గురించి పొలంలో దిగులు అక్కర లేదు. కాబట్టి చరిత్ర చెప్పుకుంటూ, ఒక్కొక్క కత్తినీ ఈ జెట్టీ మీద పెట్టి చూద్దాం.

మడతకత్తి నిన్న మొన్న పుట్టినది కాదు. ఆస్ట్రియా దేశంలో హాల్‌స్టాట్ అనే చోట రెండువేల అయిదువందల ఏళ్లనాటి మడతకత్తి బయటపడింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫిట్జ్‌విలియం మ్యూజియం వుంది. అక్కడ రోమను సామ్రాజ్యం నాటి వెండి పనిముట్టు ఒకటి వుంది. అది క్రీస్తుశకం 3వ శతాబ్దపుది. అందులో చెంచా వుంది, ముళ్లచెంచా వుంది, కత్తి వుంది, మొనదేలిన పుల్ల వుంది, గరిటెలాంటి చిన్న రేకు వుంది, పళ్లుకుట్టుకునే పుల్ల కూడా వుంది. అన్నీ మడత పడతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఆ రోమను పనివాడు ఒక్క పిడిలో ఆరు పనిముట్లు ఇమిడ్చాడు! అయితే ఒక్క సంగతి గమనించండి. వెండి భాగాలు నేటికీ నిలిచాయి. కత్తికి పెట్టిన ఇనుము మాత్రం తుప్పుకు ఎర అయింది. కోసే భాగమే ముందుగా పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికివస్తుంది.

కత్తికి ప్రాణం ఉక్కు. ఆ ఉక్కు విషయంలో మన తెలుగునేల ఎవరికీ తీసిపోలేదు. నిజామాబాదు ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరు వుంది. అక్కడి కమ్మరులు మట్టిమూసలలో ఇనుము కరిగించి శ్రేష్ఠమైన ఉక్కు తీసేవారు. దానిని కొనడానికి పారశీక దేశపు వర్తకులు అంతదూరం నుంచి వచ్చి కొలిముల దగ్గరే మకాం పెట్టేవారు. హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పని కళ్లారా చూసి వ్రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇంగ్లీషువారు ఈ ఉక్కును 'వూట్జ్' అన్నారు. మన దక్షిణాది 'ఉక్కు' అనే మాటే వారి నోట అలా మారిందని పండితుల అభిప్రాయం.

ఈ ఉక్కుముద్దలు లండను చేరాయి. 1795లో జార్జి పియర్సన్ అనే శాస్త్రజ్ఞుడు రాయల్ సొసైటీ ముందు దీనిమీద వ్యాసం చదివాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఈ ఉక్కుతో పనిముట్లు చేసి మెచ్చుకున్నాడు. తరువాత ఆయనా, మైకేల్ ఫారడే కలిసి ఉక్కులో వేరే లోహాలు కలిపి ప్రయోగాలు చేశారు. విద్యుచ్ఛక్తి విషయంలో లోకప్రసిద్ధుడయిన ఫారడేయే ఆయన. ఆయన తండ్రి కమ్మరి. 1820లోనూ, 1822లోనూ వారి వ్యాసాలు వెలువడ్డాయి. వారు కలిపి చూసిన లోహాలలో క్రోమియం కూడా వుంది. తుప్పు పట్టని ఉక్కు మాత్రం వారికి చిక్కలేదు. దానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. ఆ కథకు కొంచెం సేపట్లో వస్తాను.

ఇక ఇంగ్లండులో కత్తులకు పెట్టింది పేరు షెఫీల్డు పట్టణం. బెంజమిన్ హంట్స్‌మన్ అనే ఆయన 1740ల ప్రాంతంలో అక్కడ మూసలలో ఉక్కు కరిగించే పద్ధతి నిలబెట్టాడు. ఆ ఉక్కుతో, పిడి వెనుక స్ప్రింగు పెట్టి, లక్షల మడతకత్తులు తయారయ్యాయి. స్ప్రింగు అలుగును తెరిచినప్పుడు నిలిపి వుంచుతుంది. అలుగు అంటే కత్తి బ్లేడు. కాని గట్టిగా వెనక్కు నొక్కితే ఆ అలుగు మూసుకుపోతుంది. వేలు మధ్యలో వుంటే వేలు తెగుతుంది. మన జేబుల్లో తిరిగిన పాతకాలపు చాకులు చాలావరకు ఈ జాతివే.

ఓడ మీద మనుషులకు మాత్రం షెఫీల్డువారు వేరే రకం చేశారు. దాని అంచు తిన్నగా వుంటుంది. కొస మొండిగా వుంటుంది. ఆ ఆకారాన్నిబట్టి దానికి గొర్రెడెక్క అని పేరు. మొన ఎందుకు తీసేశారు? ఓడ ఊగేటప్పుడు చెయ్యి జారితే మొన తనకో, పక్కవాడికో దిగుతుంది. తాడు కొయ్యడానికి మొనతో పనిలేదు, తిన్నని అంచు చాలు. రెండవ వైపు బిగిసిన ముడులు విప్పడానికి ఒక ఇనుపచీల పెట్టారు. నడుముకు కట్టుకొనే తాడుకోసం ఒక కడియం పెట్టారు. అంతే. మూడే మూడు సంగతులు. కాని మూడూ సముద్రం మీద పని చూసి పెట్టినవి. మన హార్బరులో ఈనాటికీ తాడు, ముడి, షాకిల్, ఇవే కదా పొద్దస్తమానం పని!

ఇప్పుడు ఒక రైతు కత్తి కథ చెబుతాను. ఫ్రాన్సు దేశంలో సవాయి అనే కొండప్రాంతం వుంది. అక్కడ ఒక పనిముట్ల కమ్మరి కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో ఒక కత్తి రూపొందించాడు. కొయ్యపిడి, ఒక్కటే అలుగు, పిడిలో గాడి, అంతే. స్ప్రింగు కూడా లేదు. 1897 నాటికి చిన్నవి మొదలు పెద్దవి దాకా 1 నుంచి 12 నంబర్లుగా చేశాడు. రైతులు, గొర్రెలకాపరులు, ద్రాక్షతోటల కూలీలు దానిని సొంతం చేసుకున్నారు. 1955లో ఆ కుటుంబంవారే పిడి మెడకు తిరిగే కడియం ఒకటి పెట్టారు. కత్తి తెరిచి, కడియం తిప్పితే అలుగు కదలదు, వేళ్ల మీద మూసుకోదు. ఎంత చిన్న మార్పు, ఎన్ని వేళ్లు కాపాడి వుంటుంది!

పొలంలో ఈ కత్తి బంగారం. గోనెసంచి మూతి తాడు కొయ్యడానికి, కాండం చీల్చి పురుగు వుందో లేదో చూడడానికి, మధ్యాహ్నం ఉల్లిపాయ కోసుకోవడానికి దీన్ని మించినది లేదు. సాన పెట్టడం తేలిక. మరి హార్బరుకు తెస్తే? కొయ్యపిడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. గాడి బిగుసుకుంటుంది. అలుగు బయటకు రాదు. తెరవాలన్నా, కడియం తిప్పాలన్నా రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి పడవ అంచు పట్టుకొని వుండేవాడికి ఇది పనికిరాదు. రైతు కోసం పుట్టిన కత్తి రైతు దగ్గరే వుండాలి.

ఇక అందరికీ తెలిసిన ఎర్రపిడి స్విస్సు కత్తి. స్విట్జర్లండులో ఇబాఖ్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల కార్ఖానా పెట్టాడు. స్విస్సు సైన్యానికి 1889 నమూనా కొత్త తుపాకి వచ్చింది. దాన్ని విప్పి శుభ్రం చెయ్యాలంటే స్క్రూడ్రైవరు కావాలి. సైనికుడు తినే తిండి రేకుడబ్బాల్లో వచ్చేది. అది తెరవడానికి సాధనం కావాలి. అందుచేత 1891లో సైన్యం ఒక కత్తిని ఎంపిక చేసింది. అందులో అలుగు, తోలుకు కన్నం పెట్టే ఆరె, డబ్బామూత తీసేది, స్క్రూడ్రైవరు వున్నాయి. మొదటి విడత 15,000 కత్తులు జర్మనీలోని సోలింగెన్‌లో చేయించవలసి వచ్చింది, ఎందుకంటే అన్ని కత్తులు చెయ్యగల కార్ఖానా అప్పట్లో స్విట్జర్లండులో లేదు. ఎల్సెనర్ పట్టుదలతో ఆ పని తన దేశానికి తెచ్చాడు.

1897 జూన్ 12న ఆయన అధికారుల కత్తిని నమోదు చేయించాడు. దానికి చిన్న అలుగు ఇంకొకటి, సీసా బిరడా లాగే మర కూడా చేర్చాడు. ఒకే స్ప్రింగు రెండువైపులా పనిచేసేలా అమర్చడం అందులోని తెలివి. అందువల్ల పిడి లావెక్కకుండా పనిముట్లు పెరిగాయి. 1909లో తల్లి చనిపోతే ఆమె పేరు విక్టోరియా అని కంపెనీకి పెట్టాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కును సూచించే 'ఇనాక్స్' అనే మాట దానికి చేరి విక్టోరినాక్స్ అయింది.

చూశారా? స్క్రూడ్రైవరు తుపాకి కోసం వచ్చింది, డబ్బామూత తీసేది సైనికుడి తిండి కోసం వచ్చింది, బిరడామర అధికారి సారాసీసా కోసం వచ్చింది. మన పడవలో తుపాకీ లేదు, బిరడాసీసా లేదు. ఆ కత్తి కొన్నప్పుడు ఇంకొకరి అవసరాలకు మనం డబ్బిస్తున్నామన్న మాట. అయినా గ్రామాల్లో తిరిగే విస్తరణ కార్యకర్తకు ఈ కత్తి బాగా సరిపోతుంది. స్ప్రేయరు నాజిలు మర బిగించవచ్చు, మందుడబ్బా సీలు తియ్యవచ్చు, కత్తెర వున్న రకమైతే నమూనాకు ఆకు కత్తిరించవచ్చు. తేలిక, శుభ్రం.

ఇప్పుడు వెనక వదిలిన తుప్పు కథకు వద్దాం. 1913లో షెఫీల్డులోనే హారీ బ్రియర్లీ అనే ఆయన, తుపాకిగొట్టాలు తొందరగా అరిగిపోకుండా వుండే ఉక్కు కోసం వెతుకుతూ, నూటికి సుమారు 13 వంతులు క్రోమియం కలిపిన ఉక్కు కరిగించాడు. గొట్టాల మాట ఎలా వున్నా, ఈ ఉక్కు పులుపు తగిలినా మచ్చపడలేదు. ఇది కత్తులకు పనికివస్తుందని ఆయనకు తోచింది. మొదట్లో కత్తుల పనివారు నవ్వారు. ఈ ఉక్కుకు పదును నిలవదని, కొయ్యని కత్తులు కనిపెట్టినవాడని ఎద్దేవా చేశారు. తగిన వేడిలో నీరు పట్టించడం నేర్చుకున్నాక నవ్వు ఆగింది. కోనసముద్రం ఉక్కును చూసి స్టోడార్ట్, ఫారడే మొదలుపెట్టిన వెతుకులాట ఒక విధంగా ఇక్కడికి వచ్చి చేరింది.

విశాఖ ప్రజలకు ఉక్కు అనే మాట విలువ వేరే చెప్పక్కర లేదు. 1966లో ఆ ఉక్కు కోసమే ఆంధ్రదేశం అంతా లేచింది, ప్రాణాలు అర్పించింది. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. అయితే అక్కడ తయారయ్యేది ఇళ్లకు, వంతెనలకు వాడే కడ్డీలు, కోణాలు, తీగచుట్టలు. జేబుకత్తి ఉక్కు వేరు, దాని పాళ్లు వేరు. 'ఉక్కు' అని చెక్కి వున్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు.

'స్టెయిన్‌లెస్' అని చెక్కి వున్నా తుప్పు ఎందుకు పడుతుంది? హార్బరులో చాలామంది అడిగే ప్రశ్న ఇది. క్రోమియం వున్న ఉక్కు మీద కంటికి కనిపించని సన్నని పొర ఏర్పడుతుంది. అదే కవచం. గీత పడినా గాలి తగిలితే పొర మళ్లీ కట్టుకుంటుంది. కాని ఉప్పులోని క్లోరైడు ఆ పొరను పొడుస్తుంది. పైగా కీలు సందుల్లో గాలి ఆడదు, ఉప్పునీరు నిలుస్తుంది, పొర తిరిగి కట్టుకోలేదు. అందుకే తుప్పు అలుగు మధ్యన కాదు, కీలు దగ్గర మొదలవుతుంది. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఒక్క అలుగు కత్తికి ఒక్క కీలు. ఇరవై పనిముట్ల కత్తికి ఎన్ని కీళ్లు, ఎన్ని సందులు! పనిముట్లు పెరిగినకొద్దీ ఉప్పు దాక్కునే ఇళ్లు పెరుగుతాయి. పదును కోసం కార్బను ఎక్కువ కలిపినకొద్దీ కొంత క్రోమియం దానితో కలిసిపోయి కవచం పలచబడుతుంది కూడా. ఈ చిక్కు తప్పించడానికి కార్బనుకు బదులు నత్రజనితో గట్టిపరచిన ఉక్కులు కూడా వచ్చాయి. జపానులో చేసిన హెచ్-1 అనే రకం అలాంటిదే. ఉప్పునీటిలో కూడా దాదాపు తుప్పు పట్టదు. కాని ఖరీదు ఎక్కువ.

చివరిగా కటింగ్ ప్లయరు వున్న మడత పనిముట్టు. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రపు టిమ్ లెదర్‌మన్ 1975లో భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారులో యూరపు, పశ్చిమాసియా దేశాలు తిరిగాడు. కారు దారిపొడుగునా మొరాయించేది. బసలలో కుళాయిలు కారేవి. జేబులో కత్తి వుంది గాని, పట్టుకొని తిప్పడానికి ప్లయరు లేదు. జేబుకత్తికి ప్లయరు ఎందుకు వుండకూడదు అనుకొని, ఏళ్ల తరబడి నమూనాలు చేశాడు. కంపెనీలు వద్దన్నాయి. చివరికి 1983లో సొంతంగా అమ్మకం మొదలుపెట్టాడు. ప్లయరు చుట్టూ రెండు పిడులు, పిడుల్లో కత్తి, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు. ఆ మొదటి రకంలో కత్తి తియ్యాలంటే పిడులు విప్పాలి. 1998లో వచ్చిన రకంలో కత్తి బయటివైపుకు వచ్చింది, ఒక్క చేతితో తెరుచుకొంది.

పడవ యంత్రం చూసేవాడికి ఈ పనిముట్టు చాలా ఉపయోగం. గొట్టానికి కట్టిన క్లిప్పు బిగించవచ్చు, చేప నోట ఇరుక్కున్న గాలం లాగవచ్చు, కరెంటు తీగ చివర ఒలవవచ్చు. పొలంలో పంపుసెట్టు దగ్గరా అంతే, మెయిను ఆపిన తరువాతనే సుమా! కాని బరువు ఎక్కువ, కీళ్లు ఎక్కువ. దీనిలోని తీగ కోసే భాగం సన్నని తీగలకే. విన్చి మీద చుట్టిన ఇనుపతీగ మోకును దీనితో కొయ్యబోతే మోకు తెగదు, పనిముట్టే పాడవుతుంది.

ఇప్పుడు తీర్పు చెప్పుకోవాలి. అందరి కత్తులూ మంచివే, ఎవరి పనికి వారివి. మరి హార్బరులో కళాసీకి ఏది? దీనికి కొలత పనిముట్ల లెక్క కాదు. అన్నిటికన్న కష్టమైన నిమిషం ఏదో చూడాలి. వల నీటిలోకి పరుగెడుతూ వుంటుంది. దాని తాడు ఒక కళాసీ చీలమండకు చుట్టుకుంటుంది. మనిషిని పడవ అంచుకు ఈడుస్తుంది. ఒక చేత్తో ఏదో పట్టుకొని వేళ్లాడుతున్నాడు. రెండో చెయ్యి తడిగా వుంది. ఆ నిమిషంలో గోరుతో గాడి వెతికి అలుగు లాగే వ్యవధి వుంటుందా? ఇరవై పనిముట్లలో కత్తి ఎక్కడుందో తడుముకొనే వ్యవధి వుంటుందా?

రెండో మాట. 2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బరులోనే నిప్పంటుకొని సుమారు 40 పడవలు కాలిపోయిన సంగతి మీకు తెలుసు. పడవలు పక్కపక్కనే కట్టి వుంటాయి. అలాంటి వేళ కట్టుతాడు విప్పడానికి వ్యవధి వుండదు. కొయ్యడానికి కత్తి నడుము దగ్గర వుండాలి, పెట్టెలో కాదు.

ఇంకో సంగతి. మా తాతల నాటి తాళ్లు కొబ్బరిపీచువి, నూలువి, జనపనారవి. వాటికి నున్నని పదును చాలు. ఇప్పుడు మోకులన్నీ నైలాను, ప్లాస్టికు జాతివి. అవి నున్నగా, జారుడుగా వుంటాయి. తడిసిన ఆ మోకు మీద రంపంలాంటి పళ్లున్న అంచు కరిచి పట్టుకొని తొందరగా కోస్తుంది.

అందుచేత కళాసీకి మొదటి కత్తి ఇలా వుండాలి. ఒరలో నడుముకు వుండే చిన్న నిలువుకత్తి అయితే అన్నిటికన్న మేలు. దానికి కీలే లేదు, తెరిచే పనే లేదు. మడతకత్తే కావాలంటే ఒక్క చేతి బొటనవేలితో తెరుచుకోవాలి. తెరిచాక తాళం పడాలి. అంచుకు పళ్లు వుండాలి. కొస మొండిగా వుండాలి. పిడి తడిలో జారకూడదు. రంగు కొట్టొచ్చినట్టు వుండాలి, కిందపడితే కనిపించాలి. దీని తరువాత, వీలుంటే, ప్లయరు రకం ఒకటి యంత్రం దగ్గర వుంచుకోండి. మొదటిది ప్రాణానికి, రెండవది పనికి.

ఇది నా సొంత పైత్యం అనుకోకండి. స్విస్సు సైన్యమే చివరికి ఈ దారికి వచ్చింది. 1891 నుంచి వస్తున్న సైనికుల కత్తిని ఎన్నోసార్లు మార్చి, 2008లో కొత్త నమూనా ఎంచుకొంది. దాని పెద్ద అలుగు ఒక్క చేతితో తెరుచుకుంటుంది, తాళం పడుతుంది, అంచుకు పళ్లున్నాయి. నూటపదిహేడేళ్ల అనుభవం తరువాత వారు నేర్చుకున్నది ఇది. పనిముట్లు ఎన్ని వున్నా, అలుగు చేతికి వెంటనే అందాలి.

రైతు సోదరులకు కూడా ఇలాంటి నిమిషం వుంది. పలుపు మెడకు బిగిసి ఎద్దు గిలగిల కొట్టుకొంటుంటే ముడి విప్పడం ఎవరి తరమూ కాదు. అప్పుడు జేబులో పదునైన కత్తి వుంటే పశువు దక్కుతుంది. కొయ్యవలసింది పలుపును, మెడవైపు కాదు, రాటవైపు.

అంటుకట్టే పనికి మాత్రం విడిగా ఒక కత్తి వుంచుకోండి. మామిడి, జీడిమామిడి అంట్లకు కోత అద్దంలా నున్నగా వుండాలి. తాళ్లు కోసిన కత్తితో ఆ కోత రాదు. చెట్టు మారినప్పుడల్లా అలుగును స్పిరిటుతో తుడవండి, తెగులు ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు పాకకుండా వుంటుంది. పురుగుమందు సంచి కోసిన కత్తితో పండు కోసుకు తినవద్దు. ఇది చిన్న మాట అనుకోకండి.

చేప శుభ్రం చెయ్యడానికి కూడా మడతకత్తి వాడవద్దు. పొలుసు, జిగురు కీలులో చేరితే వదలవు. దానికి మన ఆడవాళ్ల కత్తిపీటే సాటిలేనిది. కాలితో పీట అదిమితే రెండు చేతులూ చేపకు దొరుకుతాయి. ఒక్కటే పని, ఆ పనికి అంతకు మించిన సాధనం లేదు.

ఇక సంరక్షణ. వేటనుంచి రాగానే కత్తిని తెరిచి మంచినీటిలో ఆడించండి. ప్రతి కీలూ కదిలించండి. తుడిచి, తెరిచే ఆరబెట్టండి. ఆరిన తరువాత కీలులో ఒక్క చుక్క పలచని మిషను నూనె వెయ్యండి. ఉప్పు మిగిలితే గాలిలోని తేమను అదే పీల్చుకొని, ఒడ్డునున్నా తుప్పు తెస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిలిపివేత వుంటుంది కదా. పడవలు, వలలు బాగుచేసుకొనే ఆ రోజుల్లో కత్తులూ పదును పెట్టించుకోండి. మొండికత్తి పదునుకత్తి కన్న ప్రమాదం. మొండిదాన్ని బలంగా నొక్కవలసి వస్తుంది, జారినప్పుడు ఆ బలమంతా మన చేతికే తగులుతుంది.

బిగిసిన నైలాను మోకును కోసేటప్పుడు జాగ్రత్త. అది రబ్బరులాగా సాగి వుంటుంది. తెగగానే కొరడాలాగా వెనక్కు కొడుతుంది. మోకు వున్న వరుసలో నిలబడకండి, పక్కనుంచి కొయ్యండి. కత్తికి కట్టిన తాడును మెడకుగాని మణికట్టుకుగాని తగిలించుకోవద్దు. విన్చి పట్టుకుంటే మనిషినే లాగుతుంది. నడుముపట్టీకి పొట్టి దారంతో కట్టుకోండి చాలు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నియమాల ప్రకారం, 9 అంగుళాలకన్న పొడుగో, 2 అంగుళాలకన్న వెడల్పో అలుగు వున్న కత్తులు ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు, శాస్త్రపరిశోధనకు చేసినవి వాటిలో చేరవు. మన పనికి మూడంగుళాల అలుగు చాలు. మీట నొక్కితే తటాలున తెరుచుకునే కత్తుల జోలికి వెళ్లకండి. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఏ కత్తీ వుంచకండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊళ్లలో సమావేశం పెట్టినప్పుడు కొత్త పనిముట్టు చూపించి ఇదే గొప్పదని చెప్పకండి. మీ పనిలో అన్నిటికన్న కష్టమైన నిమిషం ఏది అని ముందు వారినే అడగండి. గీత కార్మికుడు తాటిచెట్టు మీదినుంచి ఒక జవాబు చెబుతాడు, కళాసీ పడవ మీదినుంచి ఒక జవాబు చెబుతాడు, తోటమాలి ఇంకొకటి చెబుతాడు. ఆ జవాబులోనే వారికి కావలసిన కత్తి వుంటుంది. ఒపినెల్ చేసినదీ అదే, ఎల్సెనర్ చేసినదీ అదే. ఎదుటి మనిషి పని చూసి కత్తి చేశారు. మనం కూడా మన పని చూసుకొని కత్తి కొనుక్కోవాలి.

పిండికొద్దీ రొట్టె అన్నారు. ఖరీదైనది కొనలేకపోతే చిన్నదే కొనండి. కాని అది పదునుగా వుండాలి, తాళం పడాలి, ఒక్క చేతితో అందాలి. ఈవేళ ఇంటికి వెళ్లాక మీ కత్తి బయటికి తీసి, చేతులు తడి చేసుకొని, ఒక్క చేతితో తెరిచి చూడండి. తెరుచుకుంటే సరే. తెరుచుకోకపోతే ఏం చెయ్యాలో మీకు నేను వేరే చెప్పనవసరం లేదు.